నేలమాళిగకు దారి రాసేవారు

1987లో వెలువడిన నెట్‌హ్యాక్ రోల్ ప్లేయింగ్ ఆట, అంటే ఆటగాడు ఒక పాత్ర ధరించి ఆడేది. అందులోని నేలమాళిగ ప్రతిసారీ కొత్తగా రూపుదిద్దుకుంటుంది. ఆ ఆటలో ఏఐ ఏజెంట్లకు, అనగా పరిస్థితిని గమనించి తమంతట తామే చర్యను ఎంచుకునే ప్రోగ్రాములకు, శిక్షణ ఇచ్చేందుకు 2020లో వచ్చిన నెట్‌హ్యాక్ లెర్నింగ్ ఎన్విరాన్‌మెంట్ వంటి సాధనాలకు వాడుక వివరాలు రాసేవారి పనితనం, పేరు రాకపోయినా, ప్రోగ్రామర్ల పనితనానికి ఏమాత్రం తీసిపోదు. ఉదాహరణకు, ఈ సాధనంలో ఏజెంటుకు అందే పటం 21 అడ్డు వరుసలు, 79 నిలువు వరుసలు గల పట్టిక కాగా, అందులో ఏ గడిని చూడాలన్నా ముందుగా అడ్డు వరుస సంఖ్యనే ఇవ్వాలి. వీరుడు, అంటే ఆటలోని పాత్ర, ఉన్న చోటును తెలిపే అంకెల జాబితాలో మాత్రం నిలువు వరుస సంఖ్యే ముందుంటుంది. ఈ తిరకాసును ఒక్క వాక్యంలో విప్పి చెప్పడం చిన్న నేర్పేమీ కాదు, ఎందుకంటే అది తెలియక రాసిన ప్రోగ్రాము, వీరుడు పటంలో ఎడమవైపు తిరుగుతున్నంతసేపూ వేరే గడిని చూస్తూ కూడా నిక్షేపంగా నడిచి, నిలువు వరుస సంఖ్య 20 దాటిన తర్వాతే ఆగిపోతుంది.