కాళ్ళమీద నిలబడ్డ బడి

కోలారు బంగారు గనుల్లోని మా మారికుప్పం వాళ్ళకు దన్ను అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. గని లోతుల్లో ఒత్తిడికి రాయి పేలితే కోలారులో దాన్ని ‘ఎయిర్ బ్లాస్ట్’ అనేవారు. ఖనిజం తవ్విన ఖాళీల్లో గ్రానైటు రాళ్ళు పేర్చి కప్పును నిలబెట్టేవారు. ఆ పని ఎరిగిన కంటికి కృష్ణా డెల్టాలోని తుపాను షెల్టరు గొప్పతనం ఇట్టే తెలుస్తుంది.

1977 నవంబరు 19న తుపాను వేళ ఆ డెల్టాలోని దివిసీమ మీదికి సముద్రం దాదాపు 6 మీటర్ల ఎత్తున విరుచుకుపడింది. పదివేల మంది దాకా పోయారు. బాపట్లలో ఒక చర్చిలో తలదాచుకున్న సుమారు 100 మంది మీద ఆ కట్టడమే కూలింది. ఆపదలో జనం ఊళ్ళో గట్టిగా కనిపించే గోడల్లోకే పరిగెడతారు. అలాంటప్పుడు గంజి పోసి దుప్పట్లు పంచితే సరిపోదు, ఆ గోడల సంగతే చూడాలి.

చర్చీలు ఆ పని కలిసి తలకెత్తుకున్నాయి. 1842లో హేయర్ దొర గుంటూరులో మొదలుపెట్టిన మిషన్ నుంచి ఎదిగిన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి, ఇతర సంఘాలతో పాటు చర్చీల ఉమ్మడి సేవాసంస్థ ‘కాసా’లో సభ్యురాలు. దేశవిభజన నాటి కాందిశీకుల సేవకు 1947లో పుట్టిన కాసా, తీరగ్రామాల్లో షెల్టర్లు కట్టించింది.

షెల్టరు నీటితో పోట్లాడదు, దారి ఇస్తుంది. గదులు కాంక్రీటు స్తంభాల మీద ఉంటాయి. ఉప్పెన వాటి కిందుగా సాగిపోతుంది. పెంకూ రేకూ లేని చదును శ్లాబులో గాలి పట్టి లేపడానికి అంచు దొరకదు. గుండ్రంగా కట్టిన వాటిలో గాలికి మూలలూ చిక్కవు.

అన్నిటికన్నా తెలివైన సంగతి వేరే ఉంది. మామూలు రోజుల్లో అది బడి, ఊరి సమావేశాల చోటు. ఊరికే మూసిపెట్టిన భవనానికి తాళం తుప్పు పడుతుంది. తుపాను రాత్రి తాళంచెవి ఎవరి దగ్గరుందో వెతుక్కోవాలి. పిల్లలు రోజూ ఎక్కి దిగే మెట్లు చీకట్లో కూడా కాళ్ళకు గుర్తుంటాయి.

1990 మే 9న అంతటి పెనుతుపానే మళ్ళీ అదే డెల్టాను తాకింది. ఈసారి చనిపోయినవారు వెయ్యి లోపే. ముందస్తు హెచ్చరిక, ఊళ్ళు ఖాళీ చేయించడం, షెల్టర్లు కలిస్తేనే అది సాధ్యమైంది.

అయితే ఉప్పుగాలి ఊరుకోదు. ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది, కాంక్రీటు పెచ్చులూడుతుంది. కట్టిన మేస్త్రీ వెళ్ళిపోయాక, ఏటా తుపాన్ల కాలానికి ముందే ఆ పెచ్చులు పూడ్చుకోవాల్సింది ఊరే. దన్ను పెట్టి వదిలేస్తే ఏమవుతుందో గనిలో దిగినవాళ్ళను అడగండి.