జవాబు చెప్పని గది

తాగే మనిషికి మన ఇళ్లలో సలహాలకు కొదవుండదు. బావమరిది చెబుతాడు, మేనమామ చెబుతాడు, పెళ్లికొచ్చిన దూరపు చుట్టం కూడా పక్కకు పిలిచి నాలుగు ముక్కలు చెబుతాడు. తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసే ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే ఏఏ మీటింగులో మాత్రం ఆ గోల ఉండదు. ఒకరు తన కథ చెప్పుకుంటారు. అయిపోగానే ఇంకొకరు తన కథ అందుకుంటారు. మొదటాయన చెప్పినదాని మీద ఎవరూ తీర్పివ్వరు, మధ్యలో ప్రశ్న వేయరు, ఇలా చేసి ఉండాల్సింది అనరు. చాలా గ్రూపుల్లో ఇది గట్టి ఆనవాయితీ.

ఏఏ పనితనం నాకు అన్నిటికంటే ఎక్కువగా ఇక్కడే కనిపిస్తుంది. తాగుడు మనిషికి వాదన నేర్పుతుంది. ఎవరేమన్నా నాలుక చివర జవాబు సిద్ధంగా ఉంటుంది. వాదించడానికి ఎదుట ఎవరూ లేకపోతే ఆ జవాబులన్నీ పనికిరాకుండా పోతాయి. నిన్న రాత్రి భార్యకు తాను చెప్పిన అబద్ధమే పక్క కుర్చీలో ఉన్నాయన తన అబద్ధంగా చెప్పుకుంటుంటే ఏమని కాదనగలడు? ఆయన తన గురించి కదా చెబుతున్నాడు!

ఈ పద్ధతి తాగి దెబ్బతిన్నవాళ్లు తమ కోసం తాము చేసుకున్నది. 1935 మేలో బిల్ విల్సన్ అనే న్యూయార్క్ స్టాక్ బ్రోకర్ పని మీద అమెరికాలోని ఆక్రన్ పట్టణానికి వెళ్లాడు. తాగుడు మానేసి కొన్ని నెలలే అయింది. వెళ్లిన పని బెడిసికొట్టింది, హోటల్లో బారు పిలుస్తోంది. తనలాంటి ఇంకో తాగుబోతుతో మాట్లాడితే తప్ప గట్టెక్కనని అతనికి తోచింది. చర్చిల నంబర్లు పట్టుకుని ఫోన్లు చేయగా చేయగా డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్ జాడ దొరికింది. పావుగంట మించి కూర్చోనని వచ్చిన డాక్టరు గంటల తరబడి ఉండిపోయాడు. మానమని చెప్పేవాళ్లను ఆయన అంతకుముందు చాలామందిని చూశాడు. ఇతనేమో సాయం చేయడానికి రాలేదు, అడగడానికి వచ్చాడు. ఆ డాక్టరు చివరిసారి తాగిన జూన్ 10నే ఏఏ పుట్టినరోజుగా జరుపుకుంటారు. ఇప్పటికీ పదేళ్లుగా సోబర్‌గా, అంటే తాగకుండా ఉన్న మనిషి కొత్తగా వచ్చినవాడి పక్కన కూర్చునేది తన సోబ్రైటీని కాపాడుకోవడానికే. అందుకే ఆ గదిలో పెద్దరికం పొడసూపదు.

ఇంటిపేరు అడగకపోవడం ఇంకో గొప్ప పని. మన దగ్గర ఇంటిపేరు, ఊరు చెబితే కులం, పరపతి, అప్పులతో సహా బయటపడతాయి. ఇక్కడ పేరొక్కటే చాలు. మానాలన్న కోరిక తప్ప సభ్యత్వానికి వేరే అర్హత లేదు. ఫీజు లేదు. ఖర్చులకు సభ్యులే తోచినంత వేస్తారు, బయటి విరాళాలు పుచ్చుకోరు. 1938లో అమెరికా కోటీశ్వరుడు రాక్‌ఫెల్లర్‌ను పెద్ద మొత్తం అడిగితే, డబ్బు ఈ పనిని పాడుచేస్తుందని ఆయన 5,000 డాలర్లతో సరిపెట్టాడు. ఆ మాటే తర్వాత వాళ్ల నియమమైంది.

ఇక గడువు సంగతి. అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులూ చుక్క ముట్టనివాళ్లు మనకు తెలుసు. మాల తీసిన మర్నాడే సీసా తెరిచినవాళ్లూ తెలుసు. దీక్ష ఉత్తదేం కాదు, ఆ మనిషి ఉండగలడని అది రుజువు చేసింది. చిక్కల్లా ముగింపు తేదీతోనే. పిల్లల మీద ఒట్టేసి ఇక జన్మలో తాగనంటే ఆ బరువు సాయంత్రానికే నడుం విరుస్తుంది. ఏఏ ఈ రెంటినీ వదిలేసి ఈ ఒక్క రోజు తాగకుండా ఉండమంటుంది. రేపటి మాట రేపు.

వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ 2020లో వెలువరించిన సమీక్ష 27 అధ్యయనాలను, 10,565 మందిని పరిశీలించింది. పూర్తిగా మానేసి నిలబడటంలో ఏఏ వైపు నడిపించే చికిత్స ఇతర పేరున్న చికిత్సలకు తీసిపోదనీ, తరచూ మెరుగనీ తేల్చింది. అయినా అందరికీ ఇదే మందు అనను. ఏఏ పద్ధతిలో వచ్చే దేవుడి ప్రస్తావన కొందరికి ఇబ్బంది కావచ్చు. దాన్ని తమకు అర్థమైన రీతిలో తీసుకోవచ్చని ఏఏ మొదటినుంచీ చెబుతోంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడితే రాష్ట్రమంతా కదిలింది. ఆ పోరాటానికి చేతులెత్తి మొక్కాలి. దుకాణం మూతపడ్డ మర్నాడు చేతులు వణుకుతూ లేచిన మనిషికి మాత్రం ఇలాంటి గది ఊరూరా ఉండాల్సింది.

ఏఏ మన దేశానికి వచ్చింది 1957లో. హైదరాబాద్, విశాఖ లాంటి నగరాల్లో మీటింగులు జరుగుతాయి, ఆన్‌లైన్‌లోనూ ఉన్నాయి. వెళ్లేముందు ఫోన్ చేసి ఏ భాషలో నడుస్తుందో, ఓపెన్ మీటింగో క్లోజ్డ్ మీటింగో కనుక్కోండి. ఓపెన్‌కు ఎవరైనా వెళ్లొచ్చు, క్లోజ్డ్ మానాలనుకునేవాళ్లకే. మొదటి రోజు నోరు విప్పనక్కర్లేదు. ఒక గ్రూపు నచ్చకపోతే ఇంకోటి చూడండి. రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్, మతిభ్రమణం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు కాబట్టి ముందు డాక్టరును కలవాలి. కేంద్ర ప్రభుత్వ వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. ఇంటివాళ్లకు అల్-అనాన్ అని వేరే మీటింగులు ఉన్నాయి. తాగే భర్త ఏఏకు రానని మొండికేసినా భార్య తన కోసం తాను అక్కడికి వెళ్లొచ్చు.