తీసివేతయే యలంకారము

అలంకారమనగా నేమి యను ప్రశ్న మన లాక్షణికులకు క్రొత్తది కాదు. ఆనందవర్ధనుడు దానిని కటకాదులవలె అంగములను ఆశ్రయించి యుండునదిగా నెంచెను. కుంతకుడు మాత్రము అలంకారముతో గూడినదే కావ్యమనియు, దానిని విడదీసి మరల దగిలింప వలనుపడదనియు వాదించెను. ఈ వివాదమును గూర్చి మేము ఆలోచించునప్పుడెల్ల శ్లోకములకంటె నొక కుండయు నొక చెక్కబల్లయు మాకెక్కువ తోడ్పడుచున్నవి. ఏలన, ఆ రెంటియందును అలంకారము చేర్చుటవలన గాక తీసివేయుటవలన గలుగుచున్నది.

కుండ కొరియా దేశపుది. పదునైదు, పదునాఱవ శతాబ్దులలో జోసన్ రాజుల యేలుబడిలో నచ్చటి కుమ్మరులు చేసిన పాత్రలకు నేడు బుంచోంగ్ అని పేరు. ఆ మన్నులో నినుముపాలు గలదు గనుక కాల్చిన కుండ బూడిదవన్నె తేలును. అందుచే సారెపైనుండి దించిన పాత్ర కొంత గట్టిపడిన పిమ్మట తెల్లమట్టినీటితో పూత పూసెడివారు. కొనదేలిన పనిముట్టుతో ఆ పూతను గీచినచో, గీచినంతమేర తెలుపు పోయి లోపలి మన్ను చీకటిగీతగా బయలుపడును. మఱొక పద్ధతిలో చేపనో పూవునో గీతతో నిలిపి చుట్టునున్న తెలుపునంతయు గోకివేయుదురు. బొమ్మ తెల్లగా మిగులును. వేఱొక పద్ధతిలో మెత్తని మన్నుపై చిన్నచిన్న ముద్రలొత్తి, ఆ గుంటలలో తెల్లమట్టి నింపి, పైన మిగిలినదానిని గీకివేయుదురు. పిమ్మట పలుచని గాజుపూత వేసి ఆములో గాల్తురు.

ఈ ముద్రలవరుసలను జూచిన జపానువారికి తమ దేశమున మిషిమా దేవాలయమువారు అచ్చొత్తించెడు పంచాంగములోని యక్షరపంక్తులు జ్ఞప్తికి వచ్చెనట. అందువలననే యా కుండలకు వారు మిషిమా యని పేరిడిరని ప్రసిద్ధి. కుండకు అచ్చుకాగితపు పేరు వచ్చుట వింతగా దోచును గాని, ఈ రెండు విద్యల చుట్టఱికము ఎఱిగినవారికి వింత కాదు.

ఇక చెక్కబల్ల. జపాను శిల్పి మునాకాతా షికో 1903లో పుట్టి 1975లో గతించెను. ఇతడు మిక్కిలి మందదృష్టి కలవాడగుటచే బల్లకు ముఖమానించి ఉలి నడపెడివాడు. 1939లో నితడు చెక్కిన బుద్ధుని పదుగురు మహాశిష్యుల చిత్రములు జగత్ప్రసిద్ధములు. ఉలి పోయినచోట కాగితము తెల్లగా నుండును. ఉలి తాకనిచోట సిరా పట్టి నల్లనగును. అనగా శిల్పి చెయ్యి పనిచేయునది లేకుండవలసిన భాగముపైన. మనము చూచునది అతడు ముట్టక విడిచిన భాగమును. కొరియా కుమ్మరి నియమమును ఇదియే. కుంచెతో వ్రాయువాడు తప్పును పైపూతతో గప్పవచ్చును. చెక్కువానికి ఆ సావకాశము లేదు. పోయిన చెక్క రాదు. గీకిన పూత మునుపటివలె నతుకదు. కావున నిట్టి యలంకారము కటకమువలె తొడిగి తీయదగినది కాదు. ఈ విషయమున మేము కుంతకుని పక్షము వారము.

ఆ పదుగురి చిత్రములలో మమ్ము మిక్కిలి యాకర్షించినది ఉపాలి. బౌద్ధసంప్రదాయము ప్రకారము శారిపుత్రుడు బ్రాహ్మణుడు, ఆనందుడు రాజబంధువు, ఉపాలి మంగలి. మునాకాతా వీరికెల్లరకు నొకే కొలత బల్లల నిచ్చెను. ఒక్కొక్క విగ్రహము తన బల్లను నిండి, శిరస్సు పై యంచును ఒరయునట్లు నిలిచియున్నది. ఎవరికిని పీఠము లేదు, ఎవరికిని ఎక్కువ యెడము లేదు. ఉపన్యాసములతో మనము సాధింపజాలని సమత్వమును ఇచ్చట ఉలి సాధించినది. తరువాతి కృతులలో కొన్నింట నితని చేతివేగము అభ్యాసమాత్రముగా మాఱెనని మా యభిప్రాయము. అయినను ఈ పదుగురియందు వ్యర్థమైన గాటు మాకు కానరాలేదు.

మునాకాతాను ఆదరించినవారిలో ముఖ్యుడు యానాగి సొయెత్సు. 1922లో జపాను ప్రభుత్వము సియోల్‌లోని గ్వాంగ్‌హ్వామున్ ద్వారమును కూల్పనెంచగా దానికై కలమెత్తినవాడు. 1924లో ఆ నగరముననే కొరియా జానపదకళాశాలను స్థాపించినవాడు. 1936లో టోక్యోలో నట్టిదానినే నెలకొల్పినవాడు. పరాధీనమైన జాతి కళను పాలకజాతివాడొకడు నెత్తిన బెట్టుకొనుట సామాన్యము కాదు. అతనియెడ మాకు గౌరవము గలదు. కాని యతని సిద్ధాంతమునందొక లోపము గలదని చెప్పక తప్పదు. పేరులేని కుమ్మరి, అహంకారమెఱుగక, అలవాటు చొప్పున చేసిన పనియందే పరమసౌందర్యము వెలయునని యతని మతము.

ఆ కుమ్మరికి పేరు లేకపోయెనా? జోసన్ రాజ్యమున పాత్రలు మాయమగుచున్నవని, ఏ కార్యాలయమునకు చేసినవో ఆ పేరు వానిపై నుంచవలెనని 1417లో నుత్తరువైనది. 1421లో, పని నాణ్యము నిలుచుటకై, చేసినవాని పేరు పాత్రయడుగున చెక్కవలెనని మఱియొక యాజ్ఞ వెడలినది. కాబట్టి పేరుండెను. రాజు దానిని తప్పు పట్టుకొనుటకై యడిగెను. రసికుడు దానిని మెచ్చుకొనుటకై మఱచెను. నీవేమి కోరుదువని యా కుమ్మరిని మాత్రము ఇరువురును అడుగలేదు.

యానాగి స్నేహితుడగు హమాదా షోజి గొప్ప కుమ్మరి. అతడు తన కుండలపై పేరు వ్రాయకుండెను. అది వినయమే. కాని యా పేరు లోకమెల్ల నెఱుగును. 1955లో జపాను ప్రభుత్వమతనిని జాతీయనిధిగా సన్మానించినది. ఉన్నదానిని విడుచుట త్యాగము. లేనివానిని త్యాగియని పొగడుట పరిహాసము. సన్న్యాసికిని దరిద్రునికిని వస్త్రమొక్కటియే కావచ్చును గాని, సన్న్యాసి దానిని కోరి కట్టినాడు.

ఈ మాట దూరదేశమునకు మాత్రమే చెల్లునదని చదువరులు తలపరాదు. మచిలీపట్నమునకు సమీపమున పెడనలో టేకుచెక్కపై పూలును తీగెలును చెక్కి కలంకారీ యచ్చులు చేయు పనివారు గలరు. వెండ్రుకవంటి గీతను నిలుపుటకు వారును చుట్టునున్న చెక్కనంతయు తొలిచివేయవలసినదే. ఆ యచ్చుతో నద్దిన దుప్పటి మన యిండ్లలో బఱచుకొని, ఊరిపేరు చెప్పి యతిథులయెదుట గర్వింతుము. అచ్చు చెక్కినవాని పేరు మనలో నెందఱకు దెలియును? ఇది ప్రాచీనసంప్రదాయము, అజ్ఞాతశిల్పుల సృష్టియని యనుట యొక మర్యాదగా మాఱినది. అతడు అజ్ఞాతుడు కాడు, మనమడుగలేదు, అంతియే.

పనియందు అహంకారము నశింపవలెననిన యానాగి మాటను మేము త్రోసివేయము. శిల్పి తనంతట తాను నశింపజేసికొనవలసిన దానిని కొనుగోలుదారు అతని తరపున నశింపజేయుట మాత్రము న్యాయము కాదు. చెక్కడపు పనిలో ఏది తీయవలెనో, ఏది నిలుపవలెనో యెఱుగుటయే విద్య. పనిని గూర్చి మనము చెప్పు కథలోను అట్లే. ఈ మాఱు అచ్చుదుప్పటియో, గీతలు దీర్చిన కూజాయో కొనునప్పుడు వెలతోపాటు చేసినవాని పేరును అడిగి, దానిని పిల్లలకు జెప్పుడు. ఆ కథలో నిలుపవలసినది ముందుగా ఆ పేరు.