కన్ను తీసి మళ్ళీ పెడతారా?

"కన్ను బయటికి తీసి, కడిగి, మళ్ళీ పెడతారంటగా సిస్టర్?"

శుక్లం ఆపరేషన్‌కి వచ్చిన మామ్మలు ఈ మాట గుసగుసగా అడుగుతారు, అదీ కొడుకు పక్కన లేనప్పుడు. కంటి వార్డులో చేరిన కొత్తలో నవ్వేసేదాన్ని. నవ్వకూడదని తెలియడానికి కొన్నేళ్ళు పట్టింది.

ఆ భయం ఊరికే పుట్టలేదు. ఒకప్పుడు ఈ ఆపరేషన్ చేస్తే తలకి అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టి రోజుల తరబడి కదలనిచ్చేవాళ్ళు కాదు. ఆపైన జన్మంతా సోడాబుడ్డి కళ్ళజోడే. 1949లోనే లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ కంట్లో లెన్సు పెట్టినా, అది మన పల్లెల దాకా రావడానికి దశాబ్దాలు పట్టింది. మామ్మకి గుర్తున్నవి వాళ్ళమ్మ పడ్డ పాట్లు. పావుగంట పనే అని డాక్టరుగారు ఎంత చెప్పినా చెవికెక్కదు.

నా తొలిరోజుల్లో ఒకాయనకి "ఏం కాదు తాతా, చీమ కుట్టినట్టుంటుంది" అని చెప్పాను. కంటి పక్కన మత్తు సూది దిగేసరికి ఆయనకి తేలు కుట్టినంత పనైంది. మర్నాడు కట్టు విప్పబోతే నా చెయ్యి తోసేశాడు. అప్పట్నుంచి "ఏం కాదు" అన్న మాట మానేశాను. నొప్పుంటే ఉంటుందనే చెబుతాను.

ఆపరేషన్ కంటే దాని ముందు గంటే కష్టం. కంటిపాప పెద్దదవడానికి కాసేపటికోసారి చుక్కలు వేస్తాం. మండుతుంది, చూపు అలుక్కుపోతుంది. రెండో కంట్లోనూ శుక్లముంటే ఎదురుగా ఉన్నదెవరో కూడా పోల్చుకోలేరు. అందుకే ముట్టుకునే ముందు పేరు పెట్టి పిలవాలి, "చుక్కలేస్తున్నా, మండుతుంది, పదంకెలు లెక్కపెట్టండి" అనాలి. చెప్పకుండా వేసిన చుక్క చెంపదెబ్బతో సమానం.

మొహం మీద గుడ్డ కప్పితే ఊపిరాడదేమోనని ఇంకో బెంగ. వార్డులోనే తువ్వాలు కప్పి చూపిస్తాను. లోపల గాలి గొట్టం పెడతారని, మిషన్ చప్పుడు చేస్తుందని, రంగురంగుల వెలుగులు కనపడొచ్చని, కన్ను మాత్రం ఎక్కడికీ పోదని వరసగా చెబుతాను. దగ్గొచ్చేలా ఉంటే తల కదపకుండా నా చెయ్యి నొక్కమంటాను. అన్ని కేసులుండగా ఇంత తీరిక ఎక్కడిదని కొత్త పిల్లలు అడుగుతారు. బల్ల మీద ఉలిక్కిపడ్డ మనిషిని సముదాయించడానికి పట్టే టైము వాళ్ళింకా చూడలేదు.

ఒక్క సంగతి నేనూ చాలాకాలం చెప్పడం మరిచిపోయేదాన్ని. ఆపరేషన్ మధ్యలో చేతికి కట్టిన బీపీ పట్టీ దానంతటదే బిగుసుకుంటుంది. తెలియనివాళ్ళు ఎవరో పట్టుకున్నారనుకుని అదిరిపడతారు.

మొన్న కన్ను కడుగుతారా అని అడిగిన మామ్మే బల్ల మీద ఉంది. పట్టీ బుస్సుమంది. నా వేళ్ళ మీద పట్టు బిగిసింది. తల మాత్రం కదల్లేదు.

"నువ్వు చెప్పింది ఇదేనా?" అంది గుడ్డ కింద నుంచి.

"అదే మామ్మా."

"సరే, కానీండి."