మడి దించండి, వాటం మార్చండి

హైదరాబాద్‌లో ఏ కొత్త అపార్ట్‌మెంట్ చూసినా ప్రహరీ వారన మొక్కల మడి ఒకటే తీరు. ఇటుక కట్టి, ఎర్రమట్టి పోసి, పైన గ్రానైట్ అంచు వేస్తారు. మడి వాకిలి కంటే జానెడు ఎత్తున ఉంటుంది కాబట్టి వాన నీళ్లు దాని పక్కనుంచే గేటు దాటి, రోడ్డెక్కి నాలాలో కలుస్తాయి. వాన వెలిశాక అదే మడికి బోరు నీళ్లు పెడతారు. నాకిది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

మడిని జానెడు లోతుకు దించితే చాలని కనిపించిన ప్రతి బిల్డరుకూ చెబుతుంటాను. ఇటుకా గ్రానైటూ మిగులుతాయి కూడా. ఒకచోట మేస్త్రీ ఫ్లోరింగ్‌కు ముందే నీళ్ల గొట్టంతో మట్టం చూసి, దారం కట్టి, వాకిలి వాటాన్ని గేటు నుంచి మడి వైపు తిప్పాడు. అంచులో అక్కడక్కడా ఇటుక వెడల్పున సందులు వదిలి, మట్టి కోసుకుపోకుండా వాటి ముందు గులకరాళ్లు పరిచాడు. టైల్స్ వేశాక ఇదే చేయాలంటే పగలగొట్టాలి. ఖర్చంతా అక్కడే.

వంద చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే వెయ్యి లీటర్లు వాకిట్లోకి దిగుతాయి. వాకిట్లో మొదట పారే నీళ్లలోనే బండ్ల నూనె, టైర్ల పొడి, దుమ్ము ఎక్కువ. మడిలో మట్టీ వేళ్లూ వాటిని చాలావరకు పట్టేస్తాయి.

సియాటిల్‌లో 2001 నాటికి ఒక వీధిని ఇలాగే మార్చారు. రోడ్డును సన్నం చేసి, పక్కన పల్లపు మడులు వేశారు. వీధి దాటిపోయే వాన నీరు 99 శాతం తగ్గిందని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం కొలిచి చెప్పింది. ఖర్చూ మామూలు పద్ధతి కంటే దాదాపు పావు వంతు తక్కువే. అయితే అక్కడివి సన్న జల్లులు. హైదరాబాద్‌ను ముంచిన 2020 అక్టోబరు లాంటి వానకు ఏ మడీ ఆగదు. అందుకే పొంగిన నీళ్లకు వేరే దారి ఉంచాలి. మడి పునాదికి ఎడంగా ఉండాలి. బంకమట్టి అయితే ఇసుక, ఎరువు కలపాలి. నీళ్లు ఒక రోజులో ఇంకిపోతే దోమల బెడద ఉండదు.

2002లో వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వచ్చాక తవ్విన ఇంకుడు గుంతల్లో ఎన్నో పూడికతో మూసుకుపోయాయి. ముందు మడిలో వడిసిన నీటినే గుంతలోకి వదిలితే అంత త్వరగా పూడదు.

ఇల్లు కడుతున్నవాళ్లు ఫ్లోరింగ్ మొదలుపెట్టకముందే మేస్త్రీని ఒక్కమాట అడగండి, వాటం ఎటు పెడుతున్నావని.