పల్లేరుకాయలు ఏరాకే పరుగు

ఆగస్టు 29న ప్రాథమిక పాఠశాలలో ఒకే బల్ల మీద రెండు ఫొటోలు పెడతాం. ఒకటి గిడుగు రామమూర్తిగారిది, రెండోది ధ్యాన్‌చంద్‌ది. ఆయన 1863లో, ఈయన 1905లో అదే తేదీన పుట్టారు. కాబట్టి తెలుగు భాషా దినోత్సవం, జాతీయ క్రీడా దినోత్సవం రెండూ ఒక్కరోజే మీద పడతాయి. పొద్దున పద్యాల పోటీ, మధ్యాహ్నం ఆటల పోటీ, సాయంత్రంలోగా రెండింటి ఫొటోలూ మండలం వాట్సాప్ గ్రూపులో పడాలి. పద్యాలకు ఇబ్బంది లేదు. ఆటల వేళకే వాన అందుకుంటుంది, లేకపోతే ముందురోజే కురిసి ఆవరణంతా రొచ్చు చేసి పెడుతుంది. క్రీడా దినోత్సవం నాడు వరండాలో క్యారమ్ బోర్డు చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టి ఫొటో తీసిన బడి మాదొక్కటే కాదని ఆ గ్రూపు చూస్తే తెలిసిపోతుంది.

మన వైపు చిన్నబడి ఆటలకు అసలైన కాలం శరత్తు. జూన్‌లో బడి తెరిచేటప్పటికి ఎండ ఇంకా మండుతుంటుంది, అది తగ్గేసరికి వానలు పట్టుకుంటాయి. సంక్రాంతి దాటిందంటే సిలబస్ గొడవ. మిగిలేది దసరా సెలవుల నుంచి డిసెంబరు దాకా. అందులోనూ కోస్తాలో అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. టీవీలో వాయుగుండం మాట వినపడిందంటే మేం వేసుకున్న గీతలకు నూకలు చెల్లినట్టే. ఆ పోయినవి పోగా మిగిలిన పొడి రోజుల్లో నేల గట్టిపడుతుంది, ఎండ హాయిగా ఉంటుంది. నవంబరు 14 బాలల దినోత్సవానికి బహుమతులు పంచాలి గనక ఆటలన్నీ ఆలోపు తోసుకుంటూ జరిగిపోతాయి.

ఆటలు పెట్టించడం ఒక పనితనం. అది విజిల్ ఊదడంతో మొదలు కాదు, పల్లేరుకాయలు ఏరడంతో మొదలవుతుంది. వానలకు గరికతో పాటు పల్లేరు కూడా నేలంతా అల్లుకుంటుంది. చిన్న చిన్న పసుపు పూలతో చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కాయ ముదిరి ఎండాక నాలుగైదు ముక్కలుగా విడిపోతుంది, ఏ ముక్క ఎటు పడ్డా ఒక ముల్లు పైకే చూస్తుంటుంది. ప్రభుత్వం కిట్లలో బూట్లు ఇస్తోంది, నిజమే. కానీ పరుగు పందెం అనగానే పిల్లలు చేసే మొదటి పని వాటిని విప్పి వరండాలో జతగా పెట్టడం. బూట్లు పాడైపోతే ఇంట్లో తిడతారు, అదీగాక ఉత్తకాళ్లతోనే బాగా పరిగెత్తగలమని వాళ్ల గట్టి నమ్మకం. అందుకని గోనెసంచి తడిపి, పైన ఇటుకలు పెట్టి, రెండు తాళ్లు కట్టి ఆవరణంతా ఈడుస్తాం. ముళ్లన్నీ గోనెకు గుచ్చుకుని వచ్చేస్తాయి. తాడు పట్టుకోవడానికి ఐదో తరగతి వాళ్లు పోట్లాడుకుంటారు. ఇటుకలెందుకు, నేను కూర్చుంటానండీ అని ఎవడో ఒకడు ఏటా ముందుకొస్తాడు. కింద ఏముందో చూపించాక వెనక్కి తగ్గుతాడు.

ఈ పని మాదెలా అయిందో చెప్పాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని, అవసరాన్ని బట్టి ప్రతి తరగతికీ ఆటవస్తువులు ఇవ్వాలని రాసి ఉంది. వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ టీచరు ప్రస్తావన మాత్రం ఆరు నుంచి ఎనిమిది తరగతుల దగ్గరే వస్తుంది, అదీ వందమందికి పైగా పిల్లలున్న బళ్లకి. ఒకటి నుంచి ఐదు దాకా ఎవరు ఆడించాలంటే, ఎక్కాలు చెప్పే టీచరే ఆడించాలి. సమగ్ర శిక్ష కింద ప్రాథమిక పాఠశాలకు ఏడాదికి అందే క్రీడా గ్రాంటు మహా అయితే రూ.5,000. స్కిప్పింగ్ తాళ్లు, రబ్బరు రింగులు, రెండు బంతులు, ఒక తాడు కొనేసరికి అది ఖాళీ. ఇక అండర్-14, అండర్-17 అంటూ మండల స్థాయిలో జరిగే స్కూల్ గేమ్స్ అన్నీ హైస్కూలు పిల్లలవే. దీని మీద నాకున్న ఫిర్యాదు సగమే. డబ్బు చాలదన్నది నిజం. పైన పెద్ద పోటీ ఏదీ లేకపోవడం మాత్రం మాకు మేలే అయింది. జట్టుకి ఎవరిని ఎంచాలా అన్న తలనొప్పి లేదు కాబట్టి అందరినీ ఆడించే వీలుంది.

ముళ్లు పోయాక ముగ్గు. హైస్కూళ్లలో సున్నం వేస్తారు గాని చిన్నబడిలో నేను సున్నం ముట్టనివ్వను. తడి నేల మీద ఉత్తకాళ్లకి మండుతుంది, గాలికి లేచి కంట్లో పడితే ఆ రోజు ఆటలు ఆసుపత్రిలో ముగుస్తాయి. ముగ్గుపిండి చాలు. పాత పాలపొడి డబ్బా అడుగున మేకుతో చిల్లులు కొట్టి, దాన్ని తట్టుకుంటూ నడిస్తే గీత దానంతటదే పడుతుంది. అసలు కష్టం గీత తిన్నగా రావడం కాదు, మూల సరిగ్గా కుదరడం. దానికో తాడుంది. పన్నెండు సమాన భాగాలయ్యేలా ముడులు వేసి, రెండు కొసలూ కలిపి, మూడు భాగాలు ఒక వైపు, నాలుగు ఒక వైపు, ఐదు ఒక వైపు వచ్చేలా ముగ్గురు పిల్లలు లాగి పట్టుకుంటే కచ్చితమైన మూలమట్టం తయారు. పైథాగరస్ పేరు వాళ్లు హైస్కూల్లో ఎప్పటికో వింటారు. ఇప్పటికి వాళ్లకు తెలిసిందల్లా, తాడు వదులైతే కోర్టు వంకరవుతుందని, అప్పుడు మాస్టారు మొత్తం చెరిపి మళ్లీ గీయిస్తారని.

పరుగు పందెం అన్నిటికన్నా తేలిక అనుకుంటారు చూసేవాళ్లు. ఒకటో తరగతితో పెట్టించి చూడాలి. 'రెడీ' అనగానే సగంమంది వెళ్లిపోతారు. విజిల్ వేశాక పక్కవాడు వస్తున్నాడా లేదా అని చూస్తూ పరిగెత్తి వాడికే తగులుకుంటారు. చేతులు పట్టుకుని పరిగెత్తే జంటలుంటాయి. అన్నిటికీ మించి, చివర్లో అడ్డంగా పట్టుకున్న తాడు చూసి ఆగిపోతారు. వాళ్ల లెక్క ప్రకారం అదే న్యాయం: అడ్డంగా ఏదైనా ఉంటే ఆగాలి కదా. ముందున్నవాడు తాడు దగ్గర బ్రేకు వేసి, దాన్ని ముట్టుకోవచ్చా అన్నట్టు మన మొహంలోకి చూస్తుండగా, వెనకవాడు కిందనుంచి దూరి వెళ్లిపోతాడు. ఇక చూడండి, పేచీ. దీనికి నాకు దొరికిన మందు ఒక్కటే. అసలు గీత ముందు వేసి, తాడును దానికి ఐదు మీటర్లు అవతల పట్టించాలి. పిల్లలు తాడు దగ్గర ఆగుతారు, మేం గీత దగ్గర చూసుకుంటాం. ఒకటి రెండు తరగతులకు ముప్పై మీటర్లకు మించి పెట్టను. భోజనమైన గంటదాకా ఎవర్నీ పరిగెత్తించను. ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చి భోజనాల బెల్లు కొట్టాక మొదలుపెట్టమంటే, ముందు ఆయనకో కప్పు టీ.

నేను మొండిగా పట్టుపట్టే విషయం ఒకటుంది. చిన్నపిల్లల ఆటల్లో 'అవుట్' అన్నవాడు పక్కన కూర్చోకూడదు. కుర్చీలాటే తీసుకోండి. పాట ఆగగానే చోటు దొరకనిది ఎవరికి? నెమ్మదిగా కదిలేవాడికి, తోసుకోవడం చేతకాని పిల్లకి, బడికి కొత్తగా వచ్చి ఇంకా బెరుకు తీరనివాడికి. అంటే ఎవరు ఎక్కువసేపు ఆడాలో వాళ్లే అందరికన్నా ముందు బయటికి వచ్చి గోడకానుకుని కూర్చుంటారు. చురుకైనవాడు చివరిదాకా ఆడతాడు, వాడికి ఆ ఆట లేకపోయినా నష్టం లేదు. అందుకే మా బడిలో కుర్చీలు తీసేస్తాం గాని పిల్లల్ని తీసెయ్యం. కుర్చీ తగ్గినకొద్దీ సర్దుకుని కూర్చోవాలి. ఆఖరికి ఒక్క కుర్చీ మీద ఎంతమంది పట్టారన్నదే ఫలితం. ఒళ్లో ఒకరు, భుజం పట్టుకుని ఒకరు, నవ్వాపుకోలేక జారిపడేవాళ్లు కొందరు. ఏడుపెంకులాటలో బంతి తగిలినవాడు పెంకులు అందించే పనిలో పడతాడు, రెండో వరసలో మళ్లీ వస్తాడు. కబడ్డీలో ఈ బాధే లేదు. అవతలి జట్టులో ఒకడు అవుటైతే మన వాడొకడు లేచి లోపలికొచ్చే ఏర్పాటు ఆ ఆటలోనే ఉంది.

అన్నిట్లో నాకు ఖోఖో మీద మక్కువ ఎక్కువ. అసలు కోర్టు 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు. మేం దాన్ని బాగా కుదించి, గూటాల బదులు రెండు వైపులా పెద్ద పిల్లల్ని నిలబెట్టి ఆడిస్తాం. ఎనిమిదిమంది ఒకరు ఇటు, ఒకరు అటు మొహం పెట్టి గొంతుకూర్చుంటారు. తొమ్మిదోవాడు తరుముతాడు. తరిమేవాడు మధ్య గీత దాటకూడదు, ఒకసారి పట్టిన దిక్కు మార్చకూడదు. తప్పించుకునేవాడికి ఏ కట్టుబాటూ లేదు. కాబట్టి ఒక్కడివల్ల అయ్యే ఆట కాదిది. ఎంత వేగంగా పరిగెత్తేవాడైనా ఎక్కడో ఒకచోట ఆగి, కూర్చున్నవాడి వీపు తట్టి 'ఖో' అనాల్సిందే. మూడో తరగతి వాళ్లకి ఈ అనడమే పెద్ద చదువు. వీపు తట్టి మాట మరిచిపోతారు, లేదా దూరం నుంచే అరిచేసి తట్టడం మానేస్తారు. కూర్చున్నవాడు ఆత్రం పట్టలేక, తట్టకముందే లేచిపోతాడు. మోకాళ్ల మీద అరచేతులు ఆనించి, ఒక మడమ ఎత్తి, తన వెనక ఏం జరుగుతోందో అడుగుల చప్పుడుని బట్టి పోల్చుకుంటూ కూర్చునే పిల్లని చూడాలి. క్లాసులో పది నిమిషాలు కుదురుగా ఉండదని వాళ్లమ్మకి నేనే చెప్పి ఉంటాను. 2025 జనవరిలో ఢిల్లీలో తొలి ఖోఖో ప్రపంచకప్ జరిగి, పురుషుల్లో, మహిళల్లో రెండు కప్పులూ మనమే గెలిచాక, ఫోన్లో ఆ ఆటలు చూసిన పిల్లలు డైవ్ కొట్టడం మొదలుపెట్టారు. మోకాళ్లు చెక్కుకుపోతున్నాయి. వద్దంటున్నాను, కొడుతూనే ఉన్నారు.

కార్తీకంలో వనభోజనాలు ఆటల దినంతో పోటీపడతాయి. ఊరి చివర తోటలో ఉసిరిచెట్టు కింద పులిహోర తిని, కుంటుడాట, తొక్కుడుబిళ్ల ఆడి, చొక్కా జేబుల నిండా ఉసిరికాయలతో వస్తారు. అక్కడ నా విజిల్ బయటికి తియ్యను. ఆ ఒక్క రోజూ ఆట వాళ్లదే, తగువులు కూడా వాళ్లే తీర్చుకుంటారు. పూర్వం వీధిబళ్ల పంతుళ్లు దసరాకి పిల్లల చేత విల్లంబులు పట్టించి ఇంటింటికీ తిప్పేవారు, పిల్లలకు పప్పుబెల్లాలు, పంతులికి దక్షిణ దక్కేవి. ఈ రుతువులో బడి గోడ దాటి ఊళ్లోకి రావడం అన్నది అప్పటినుంచీ ఉన్నదే.

డిసెంబరు 3న విభిన్న ప్రతిభావంతుల దినోత్సవానికి భవిత కేంద్రాల పిల్లలకు మండలంలో విడిగా ఆటలు పెడతారు. మంచిదే. అయితే ఆ పిల్లలు మన ఆటల రోజున ఎక్కడున్నారన్నది నా ప్రశ్న. చాలాచోట్ల ముందు వరస కుర్చీలో కూర్చుని చప్పట్లు కొడుతుంటారు. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 విభాగంలో కాంస్యం గెలిచింది. చిన్నప్పుడు ఊళ్లో ఆ అమ్మాయిని ఎంతగా వెక్కిరించారో పత్రికల్లో అందరం చదివాం. ఆమెను గుర్తించింది కూడా ఒక బడి ఆటల్లోనే. పందెంలో నిలబెడితేనే గదా ఎవరికైనా కనపడేది. చూపు తక్కువున్న పిల్ల పక్కన రుమాలు కొస పట్టుకుని ఇంకో పిల్ల పరిగెత్తడానికి ఏ గ్రాంటూ అక్కర్లేదు.

బహుమతుల దగ్గర మాత్రం నా మాట సాగదు. ఒకటి, రెండు తరగతులకు ఫస్టు, సెకండు వద్దు, అందరికీ తలా ఒక పెన్సిలు చాలన్నాను. పిల్లలు ఒప్పుకున్నారు. ఒప్పుకోనిది తల్లిదండ్రులు. "మావాడు ఎన్నో వచ్చాడండీ?" అని ఒకాయన నిలదీస్తే, బాగా పరిగెత్తాడండీ అన్నాను. "బాగా అంటే ఎన్నో అండీ?" అని మళ్లీ అడిగారు. నాలుగు, ఐదు తరగతుల్లో స్థానాలు ఇస్తాం, ఆ వయసుకి వాళ్లే అడుగుతారు. స్టీలు గ్లాసు, డబ్బా, జామెట్రీ బాక్సు. గ్లాసు గెలిచినవాడు అది అమ్మకని చెబుతాడు, డబ్బా గెలిచిన పిల్ల అందులో ఏం పెట్టుకోవాలో అప్పటికే తేల్చుకుని ఉంటుంది.

నవంబరు 14న చివరి అంశం అమ్మల కుర్చీలాట. ఇక్కడ కూడా కుర్చీలే తీద్దాం, మనుషుల్ని తియ్యొద్దు అని మైకులో అన్నాను. "అదేం ఆటండీ మాస్టారూ, అవుట్ అంటే అవుటే" అని కొంగులు బిగించారు. మధ్యాహ్న భోజనం వండే ఆయా మీద ఇద్దరు ఒకేసారి పడ్డారు, ఆవిడ ఒక్క అంగుళం కదల్లేదు. పాట ఆపే పని చేస్తున్న ఐదో తరగతి పిల్లాడు వాళ్లమ్మ కుర్చీ ముందుకి రాగానే ఆపుతున్నాడని గోల లేచింది. వాణ్ని తీసేసి సర్పంచిగారి చేతికి ఫోన్ ఇస్తే, ఆయన భార్య కూడా ఆటలో ఉందని అప్పుడు గుర్తొచ్చింది అందరికీ. చివరికి ఫోనును వెనక్కి తిరిగి పట్టుకోవాలన్న షరతు మీద నాకే ఇచ్చారు.