చెన్నపురి మ్యూజియములో అమరావతి శిలలు

చెన్నపట్టణములోని ఎగ్మూరు మ్యూజియమునకు అరవ సామాన్యజనులు పూర్వమొక పేరు పెట్టిరి. తెనుఁగునఁ జెప్పవలెనన్న నది "చచ్చిన కాలేజీ". జంతుశాలకు "బ్రతికిన కాలేజీ" యని పేరు. 1855 మొదలు కొన్ని యేండ్లు జంతువులును వస్తువులును ఒకే యావరణములో నుండినవి గనుక నీ జంటపేళ్లు పుట్టినవని యూహింపవచ్చును. చదువుకొన్న మనము ఈ మాట విని నవ్వుదుము. నవ్వవచ్చును గాని, మన మచ్చటికిఁ బోయినప్పుడు చేయుచున్న దేమి? తిమింగిలపు అస్థిపంజరము క్రింద పిల్లలను నిలిపి ఫోటో తీయుదుము. కత్తులు, ఫిరంగులు చూతుము. రాతిబొమ్మలున్న గదిలోఁ గాలుపెట్టి "ఇవన్నియు నొక్కతీరే" యని నడక త్వరపెట్టుదుము. భోజనవేళ మించకుండ బయటఁబడుదుము. ఆ గదిలో మనము చూడక విడిచి వచ్చినది అమరావతి. ఆ పామరులు పెట్టిన పేరు వస్తువులకుఁ గాక చూచువారి కన్నులకుఁ జెల్లునేమో యని నాకుఁ దోఁచుచుండును.

ఈ సంస్థ 1851లో స్థాపింపఁబడి 1854లో ఎగ్మూరునకు వచ్చినది. దానిలోని చోళకాలపు కంచువిగ్రహములు లోకప్రసిద్ధములు. తిరువాలంగాటి నటరాజును గూర్చి వ్రాసినవారు, వ్రాయుచున్నవారు పలువురు గలరు. కావున వానిని దాఁటి రాళ్లకడకుఁ బోవుదము.

కృష్ణాతీరమున దీపాలదిన్నె యని జనులు పిలుచుచుండిన మట్టిదిబ్బనుండి యీ శిలలు వెలువడినవి. పదునెనిమిదవ శతాబ్దాంతమున వాసిరెడ్డి వేంకటాద్రినాయఁడు అమరావతిని తన పట్టణముగఁ జేసికొని కట్టడములు సాగించినపుడు ఆ దిబ్బను త్రవ్విరి. రాళ్లలోఁ గొన్ని మెట్లయ్యెను. కొన్ని గోడలలోఁ జేరెను. కొన్ని కాలి సున్నమయ్యెను. 1797లో కాలిన్ మెకంజీ ఆ చోటును జూచి, మరల 1816లో వచ్చి చిత్రములు వ్రాయించెను. 1845లో వాల్టరు ఇల్లియటు త్రవ్వించిన శిలలు మద్రాసు చేరి, యేండ్ల తరబడి ఎండకును వానకును ఓర్చి, 1859లో లండనునకు ఓడ నెక్కినవి. 1877లో రాబర్టు స్యూయెలు త్రవ్వెను. 1880లో గవర్నరైన బకింగ్‌హాం ప్రభువు దిబ్బనంతయు శుభ్రముచేయుఁడని యాజ్ఞాపించెను. ఆ శుభ్రతకు ఫలముగా స్తూపమున్న చోట గుంట మిగిలెను. తరువాత వచ్చిన బర్జెసు మిగిలినవానిని లెక్కకెక్కించి పెక్కింటిని చెన్నపురికిఁ జేర్చెను. దొరతనమువారి యజాగ్రత్తను మాత్రమే నిందించువారు, సున్నపుబట్టీని పెట్టినవారు మనవారే యన్న సంగతిని గూడ జ్ఞప్తియందుంచుకొనుట న్యాయము.

చెన్నపురి చేరిన శిలలను 1880 తరువాతి యేండ్లలో గోడలకు నిలిపి గచ్చుతోఁ గట్టిరి. రాయి పడిపోకుండవలెనని వారి తలంపు. గచ్చులోని చెమ్మయు లవణములును రాతికి హానియని తరువాతి రక్షణశాస్త్రము కనిపెట్టినది. నా యాక్షేపణ మఱియొకటి. స్తూపము నిలుచుండి చూచెడు వస్తువు గాదు. చుట్టి వచ్చెడు వస్తువు. దాని చుట్టునుండిన రాతిప్రాకారమునకు వెలుపలిముఖమునఁ బెద్దపెద్ద పద్మములు, లోపలిముఖమునఁ గథలు. వీథిలోఁ బోవువానికిఁ బువ్వు కనఁబడును. లోనికి వచ్చి ప్రదక్షిణము చేయువానికి బుద్ధుని చరిత్ర కనఁబడును. ఇరుప్రక్కలఁ జెక్కిన రాయి గోడకంటినయెడల నొకముఖము చీఁకటిలోఁ గలియును. కథలు పటములవలె వరుసఁ దగిలించినట్లగును. గోడను మన మిపుడు మార్పఁజాలము. కాని శిలలను గుడిచేతివైపున నుంచుకొని మెల్లగా నడచినచోఁ గొంత యర్థమగును. నే నట్లు నడచి చూచితిని, చుట్టునున్నవారు వింతగాఁ జూచిరి, నష్టమేమియు లేదు.

మొన్న మా పెద్దమ్మను, నా తమ్ముని కూఁతురగు తొమ్మిదేండ్ల పిల్లను వెంటఁబెట్టుకొని పోయితిని. నళగిరి కథఁ జెక్కిన వర్తులఫలకమును నేను పుస్తకములలోఁ బలుమాఱు చూచితిని. "లావణ్యమయము, భావనిర్భరము, ఆంధ్రశిల్పుల ప్రతిభకుఁ దార్కాణము" అని సభలలో నుపన్యసించితిని గూడ. ఆ పిల్ల యొక్కక్షణము చూచి, "పెదనాన్నా, ఏనుఁగొకటేనా, రెండా?" యని యడిగెను. ఒకటే యంటిని. "ఒకటే ఐతే రెండుచోట్ల ఎందుకున్నది?" అనెను. నా లావణ్యమును, నా భావనిర్భరతయు నీ ప్రశ్నకు బదులు చెప్పలేకపోయినవి. అపుడు మొదటిసారిగా ఆ రాతిని నేను చూచితిని.

దేవదత్తుఁడు బుద్ధుని జంపఁదలఁచి రాజగృహపు వీథిలోనికి మదపుటేనుఁగును విడిపించె ననునది కథ. ఎడమవైపున నది పైఁబడి వచ్చుచున్నది. తొండముతో నొకని కాలు చుట్టి యీడ్చుచున్నది. జనులు చెల్లాచెద రగుచున్నారు. ఒక స్త్రీ బెదరి ప్రక్కవానిని బట్టుకొన్నది. పై గవాక్షములనుండి స్త్రీలు తొంగి చూచుచున్నారు. కుడివైపున అదే యేనుఁగు మోఁకాళ్లూని బుద్ధుని యెదుట వంగినది. రెంటి నడుమ గీఁత లేదు, స్తంభము లేదు. ఎడమప్రక్కన నున్న దేహములన్నియు వాలినవి, వంగినవి, ఒకదానిపై నొకటి పడినవి. కుడిప్రక్కన బుద్ధుఁడును భిక్షువులును నిటారుగా నిలిచినారు. మన కన్ను ఆ కలఁతనుండి యీ నిలుకడకు నడచుచున్నంతసేపును కథ జరుగుచుండును. ఏనుఁగు మనసు మాఱిన క్షణమును మాత్రము శిల్పి చెక్కలేదు. మహిమను జూపుటకుఁ జేయియెత్తెడు సామాన్యశిల్పియైనచో ఆ క్షణమునే నడుమఁ బెట్టి చుట్టును కాంతిరేఖలు చెక్కియుండును. ఈతఁడు దానిని రెండు ఏనుఁగుల నడుమనున్న సందులో విడిచినాఁడు. అది పూరించుకొనవలసినవారము మనము. ఆ పిల్ల పూరించుకొన్నది: "ఇక్కడ కోపము, అక్కడ పోయినది" అనెను.

సింహాసనము క్రింది పాదముద్రలకు మ్రొక్కుచున్న నలువురు స్త్రీల శిల్పమును గూడఁ జూచితిమి. అచట ముఖములకంటె వంగిన వీఁపులే యెక్కువ మాటలాడును.

అమరావతిని గూర్చి మన పత్రికలలో వచ్చు వ్యాసములలో సగము లండనులోని శిలలను గూర్చిన విలాపము. బ్రిటిషు మ్యూజియమువారు వానికి 1992లోఁ బ్రత్యేకముగ నొక మందిరమును దెఱచిరి. వానిని దిరిగి యడుగుట తప్పని నే ననను, అడుగవలసినదే. కాని గుంటూరునుండి యొక రాత్రి రైలు ప్రయాణములో నున్న శిలలను ఏండ్లకేండ్లు చూడనివారు సముద్రముల కవతలివానికై కన్నీరు పెట్టుట నాకు నమ్మకము గలిగింపదు.

పెద్దమ్మ యడిగిన ప్రశ్న వేఱు. "ఇవి ఏ రాజు చేయించినాఁడు నాయనా?" అనెను. అందఱు నడుగునది యిదే. శాతవాహనుల పేళ్లు కొన్ని శాసనములలో నున్న మాట నిజము. కాని యక్కడి శాసనములలోఁ బెక్కు ప్రాకృతభాషలో, బ్రాహ్మీలిపిలో, దాతల పేళ్లు చెప్పునవి: భిక్షుణులు, గృహిణులు, వర్తకులు. ఈ సంగ్రహములోనిదే యొక శిలపైఁ బూర్ణకుంభము చెక్కఁబడినది. దాని నిచ్చినవాఁడు విధికుఁ డను చర్మకారుఁడు. తల్లితో, భార్యతో, సోదరులతో, కొడుకుతో, కూఁతుండ్రతో, జ్ఞాతిమిత్రులతోఁ గూడి యిచ్చితినని చెక్కించుకొన్నాఁడు. 2018లో నిర్ణయింపఁబడిన ఆంధ్రప్రదేశ్ రాజముద్రలోఁ బూర్ణఘటమున్నది గదా, దానికి మూలము ఈ యమరావతియే. ఆ కుంభమును మనము పందిళ్లమీఁద వ్రాయింతుము, ఆహ్వానపత్రములపై నచ్చొత్తింతుము, ఆంధ్రుల సంస్కృతి కది చిహ్న మందుము. దానినిచ్చినవాని వృత్తిని మాత్రము సభలలో నెవ్వరును జెప్పఁగా నేను వినలేదు. నేనును జెప్పినవాఁడను గాను.

మా పెద్దమ్మ యింటఁ జెప్పులు కుట్టువానికి నేఁటికిని వేఱు గ్లాసు దొడ్డిగోడపై బోర్లించి యుండును. ఈ విషయమై యామెతో నేను రెండుమాఱులు వాదించి యోడితిని. అందుచేత విధికుని మాట చెప్పి యూరకుంటిని. ఆమె కొంతసేపటికి, "ఆ రాతిని లోపలికి తేనిచ్చినారా?" అని యడిగెను.

"తేనిచ్చినారు పెద్దమ్మా. పేరు గూడఁ జెక్కనిచ్చినారు."

ఆమె మఱేమియు ననలేదు. పిల్ల తిమింగిలమును జూపుమని చేయి లాగుచుండెను. "మీరు పోయి చూచి రండి, నాకు కాళ్లు నొచ్చుచున్నవి" అని పెద్దమ్మ యచ్చటనే నిలిచిపోయెను. మేము అరగంటకుఁ దిరిగి వచ్చితిమి. ఆమె కూర్చుండలేదు. శిలకు మూరెఁడు దూరమున నిలిచి, చేయి కొంచెము చాఁచి, నన్నుఁ జూచి, "తాకవచ్చునా?" యని యడిగెను. ఇచ్చటి వస్తువులను దాకరాదని చెప్పి, యామెను బయటికిఁ దీసికొని వచ్చితిని.